బంచరాయి ఎవరిది?

పెద్దలకు, గొల్లకురుమ అన్నలకు, సంఘం అక్కలకు నమస్కారం.

ఇందాక ఒక తాత నన్ను పక్కకు పిలిచి, "బంచరాయి ఎవరిది బిడ్డా?" అని అడిగిండు. బంచరాయి అంటే ఊరి పశువులు, గొర్లు మేసే ఉమ్మడి నేల. ఊరిదంటే కాగితం ఒప్పదు, సర్కారుదంటే మంద ఒప్పదు. పహాణీ (ఏటా రాసే భూమి రికార్డు) తీస్తే పట్టాదారు గడిలో సర్కారు అని ఉంటుంది, రకం గడిలో బంచరాయి అనో గైరాన్ (ఇదీ మేత నేలే) అనో ఉంటుంది. మందలు ఏ బాటన పోతాయి, ఏ కుంటలో నీళ్లు తాగుతాయి, ఎండాకాలం పక్క ఊరి గొర్లు ఎక్కడ ఆగుతాయి? వీటికి గడే లేదు.

మా ఊర్లో గుట్ట కింది మేత నేల ఏడాదికి రెండు సాళ్ల చొప్పున చుట్టుపక్కల చేలల్లో కలిసిపోయింది. అడగబోతే, "మీరు వాడుకున్నట్టు రుజువేది?" అన్నారు. మా నాయన దగ్గరున్న రుజువల్లా అరికాళ్లలో విరిగిన తుమ్మముళ్లే.

అందుకని సేత్వార్ (మొదటి సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఆ ఏడు పొలాల వారీగా రాసిన రికార్డు), గ్రామ నక్షా (ఊరి పటం), ఈ మూడింటి నకళ్లు తెచ్చుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు వారీగా విస్తీర్ణం సరిచూడండి. ఎక్కడ తగ్గితే అక్కడ అసలు కథ ఉన్నట్టు. తర్వాత హద్దులు నడవండి. కట్టెలకు, సీతాఫలాలకు పోయే దారులు ఆడవాళ్లకే బాగా తెలుసు, వాళ్లు లేకుండా బయలుదేరకండి. చూసిందంతా గ్రామసభ తీర్మానంగా రాయించండి.

నల్లమల అడవిలోని అమ్రాబాద్ చెంచు పెంటలకు, అంటే చెంచు గూడేలకు, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. మేత, నీళ్లు, అటవీ ఫలసాయం వంటి ఉమ్మడి హక్కులను వాళ్లు ఫారం-బిలో అడగవచ్చు. మన బంచరాయికి అలాంటి ఫారం లేదు, తీర్మానాల పుస్తకమే ఫారం అనుకోవాలి.

ఆక్రమణల మాటకొస్తే, 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఏళ్లతరబడి దున్నుకుంటున్నామన్నా, బిల్డింగులు కట్టామన్నా, పలుకుబడి ఉందన్నా ఊరుమ్మడి నేలపై ఆక్రమణ చెల్లదు. అయితే భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు సర్కారు ఇచ్చిన నేలను అదే తీర్పు మినహాయించింది. ఆ ఎకరం, రెండెకరాల జోలికి మాత్రం పోకండి. పెద్ద కంచెలను వదిలేసి పేదోడి గుడిసె మీద పడే అలవాటు మనకు కొంచెం ఎక్కువే.

నేల దక్కినంక అసలు టెన్షన్ మొదలవుతుంది. తొలకరికి గడ్డి లేచేదాకా ఒక పక్క మూసెయ్యాలి. వంతులు పెట్టుకోవాలి. పక్క ఊరి మందను రానివ్వాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి. నన్నడిగితే రానివ్వాలనే అంటాను. కరువు ఏడాది మన గొర్లు కృష్ణ ఒడ్డుకు పోయినప్పుడు వాళ్ల శివారులోంచే కదా పోయింది!