డెల్ఫ్ట్ పిట్ట వెన్నగిన్నె: కొనొచ్చా?

అందరికీ నమస్తే. ఇదిగో, గూట్లో పొదుగుతున్న పిట్టలా కూర్చుంది కదా, ఇది వెన్నగిన్నె. వీపు పట్టుకుని ఎత్తితే పిట్ట మొత్తం మూతగా వచ్చేస్తుంది, కింద గూడే గిన్నె. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక చిన్న దుకాణంలో 60 యూరోలకు తీసుకున్నాను.

ఇది కొత్త ఫ్యాషన్ కాదండీ. 18వ శతాబ్దం మధ్యలో యూరప్‌లో ధనవంతుల ఇళ్లలో భోజనాల బల్ల మీద జంతువుల ఆకారంలో మూతగిన్నెలు పెట్టడం మహా మోజు. జర్మనీలో మైసెన్ అనే కార్ఖానా వాళ్లు పోర్సలిన్‌తో (పింగాణీతో) చేస్తే, డెల్ఫ్ట్ వాళ్లు మామూలు మట్టితోనే పోటీకి దిగారు. మట్టిని అచ్చుల్లో ఒత్తి, కాల్చి, తగరం కలిపిన తెల్ల గ్లేజు, అంటే గాజులాంటి పూత, పూసి రంగులు వేసేవారు. ఆవు, మేక, హంస, కోడి అన్నీ చేశారు. నాకు మాత్రం ఈ ప్లోవర్ పిట్టే ఇష్టం. మన తీతువుదీ ఇదే కుటుంబం. డె పోర్సెలేన బైల్ అనే కార్ఖానా చేసిన పిట్టల అడుగున నీలంతో చిన్న గొడ్డలి గుర్తు ఉంటుంది.

ఇప్పుడు దగ్గరగా చూడండి. మూత, గిన్నె కలిసే గీత రెక్క అంచు వెంబడే పోయింది. అందుకే మూసేస్తే అతుకు కంటికి ఆనదు. పనితనమంతా ఇక్కడే ఉంది. ఈకలు కూడా కుంచెతోనే వేశారు, మెడ దగ్గర చిక్కగా, తోక వైపుకి పలచగా.

ముక్కు మాత్రం మరీ సన్నం. కడిగేటప్పుడు కుళాయికి తగిలితే విరిగిపోతుందని ప్రతిసారీ టెన్షనే. ఇంకోటి, ఇక్కడ సూపర్‌మార్కెట్లో వెన్న 250 గ్రాముల దిమ్మగా వస్తుంది. ఈ గుండ్రటి గూట్లో అది పట్టదు, సగానికి కోసి పెట్టాలి. రోజూ వాడే వస్తువుకి ఇది పెద్ద లోపమే. అయినా వెన్న, చట్నీపొడి లాంటివి కొద్దికొద్దిగా పెట్టుకునేవాళ్లు నిశ్చింతగా కొనండి.

పాత సామాన్ల సంతలో అసలు పాతది దొరికితే అందులో తిండి పెట్టకండి. ఆనాటి గ్లేజులో సీసం ఉంటుంది, పులుపు తగిలితే బయటికి దిగుతుంది. ఆవకాయ అస్సలు వద్దు. కొనేముందు అంచుల మీద వేలు పోనిచ్చి చూడండి, గ్లేజు ముందు పెచ్చులూడేది అక్కడే.