గుమ్మి దొరకాలంటే: వెతకడం, ఎంచడం, నిలబెట్టడం

అందరికీ నమస్కారం.

దేశీ వరి, చిరుధాన్యాలు పండించే రైతులు మళ్లీ వెదురు గుమ్మి కోసం, అంటే వెదురుతో అల్లి మట్టి పూసి గింజలు దాచుకునే పెద్ద బుట్ట కోసం అడుగుతున్నారు. చాలా సంతోషం. అయితే అడగ్గానే దొరికే వస్తువు కాదది. సంతకు వెళ్తే తట్టలు, చాటలు, గంపలు ఉంటాయి, గుమ్మి కనబడదు. పది పన్నెండు బస్తాలు పట్టే బుట్టను ముందే అల్లిపెట్టుకుని కొనేవాళ్ల కోసం ఎవరూ కూర్చోరు. ఎప్పుడైనా అడిగినవాళ్లకే అల్లేవారు. చాలాసార్లు వాళ్ల వాకిట్లోనే అల్లేవారు. అందుకే ముందు వెతకాల్సింది అల్లే చేతులను.

ఏం కావాలో చెప్పడంలోనే సగం పొరపాట్లు జరుగుతాయి. తెలంగాణలో గుమ్మి అంటే తెలుస్తుంది. కోస్తాలో గాదె అంటే కొన్నిచోట్ల చెక్కతో కట్టిందో, గోడ కట్టిన అరో అనుకుంటారు. పురి అంటే వెంటి, అంటే వరిగడ్డితో పేనిన తాడు, చుట్టుకుంటూ నింపేది, అది వేరే పని. పేరుతో పాటు కొలత చెప్పండి: చుట్టుకొలత ఎంత, ఎత్తు ఎంత, అడుగుభాగం అల్లాలా వద్దా.

కొలతకు లెక్క ఇది. నడుము దగ్గర తాడు చుట్టి చుట్టుకొలతను అడుగుల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి, ఎత్తుతో గుణించి, పన్నెండున్నరతో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక ఘనపుటడుగుకు వడ్లు సుమారు 16 కిలోలు. చుట్టుకొలత 12 అడుగులు, ఎత్తు 5 అడుగులు ఉంటే దాదాపు 57 ఘనపుటడుగులు, అంటే 900 కిలోల పైచిలుకు. 75 కిలోల బస్తాలైతే పన్నెండు. నడుము ఉబ్బి, మూతి బిగిసి ఉండే గుమ్మికి కింద, నడుమ, పైన మూడు చోట్ల కొలిచి సగటు తీయాలి. పైన అరడుగు ఖాళీ వదలాలి కాబట్టి ఆ మేరకు తగ్గించుకోండి. పన్నెండడుగుల చుట్టుకొలత అంటే అడ్డం దాదాపు నాలుగడుగులు. మీ ద్వారబంధం మూడడుగులే అయితే గుమ్మి లోపలికి పోదు. అల్లేవారిని ఇంటికే పిలవాలి, లేదా వసారాలో పెట్టుకోవాలి.

ఇక ఎవరిని అడగాలి? ఊళ్లలో మేదరివాళ్లే ఈ పనికి పెద్దదిక్కు. గిరిజనుల్లో ఆదిలాబాద్ వైపు కొలాములు, రంపచోడవరం ఏజెన్సీలో కొండరెడ్లు వెదురు పనిలో ఆరితేరినవాళ్లు. జహీరాబాద్ ప్రాంతంలో సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరకు వెళ్తే విత్తనం దాచే బుట్టలను, వాటిని వాడే మహిళలను ఒకేచోట చూడొచ్చు. ఎవరు అల్లారో వాళ్లనే అడగండి. పాత వస్తువుల వ్యాపారి దగ్గర కొనే గుమ్మి ధర అల్లినవాళ్లకు చేరదు, అది ఏ ఊరిదో కూడా మీకు తెలియదు.

అల్లేవారు "చేయలేం" అంటే చాలావరకు అది వెదురు సమస్యే. మీ గట్టు మీద వెదురు పొద ఉంటే మీరే ఇవ్వండి. 2017లో అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవి కాని భూముల్లో పెరిగే వెదురును చెట్టుగా లెక్కించడం ఆగిపోయింది, అంటే దాన్ని నరికితే ఆ చట్టం దృష్టిలో చెట్టు నరికినట్టు కాదు. వెదురు డిపోలో కొంటే రసీదు దగ్గర పెట్టుకోండి. బొంగు మూడేళ్లు దాటినదై ఉండాలి. లేత బొంగు ఎండాక ముడతలు పడి అల్లిక వదులవుతుంది. నరికే కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. పిలకలు వేసే వానాకాలంలో నరికితే పొదకే చేటు. నరికిన బొంగుల్ని రెండు మూడు వారాలు పారే నీటిలో నానబెడితే లోపలి పిండిపదార్థం కొంత పోతుంది. వెదురును పొడి చేసే పురుగు వచ్చేది ఆ పిండి కోసమే. మాఘం దాటితే అల్లేవారికి పెళ్లి బుట్టల పని మొదలవుతుంది కాబట్టి కార్తీకంలోనే మాట్లాడుకుని బయానా ఇవ్వండి.

మంచి గుమ్మిని గుర్తుపట్టడానికి నేను అన్నిటికంటే ముందు చూడమనేది బద్దను. వెదురులో పచ్చటి పై పొర గట్టిది, పురుగు తొందరగా పట్టదు. లోపలి తెల్లటి పొర మెత్తన, అక్కడే పిండి ఎక్కువ. తక్కువ ధరకు అల్లినవాటిలో పై పొర బద్దలు బయటికి కనబడే నాలుగు వరుసల్లోనే ఉంటాయి, మిగిలిందంతా లోపలి పొర. గోటితో గీకండి. పొట్టులా లేస్తే అది లోపలి పొర. ఒంటి బద్దతో అల్లినప్పుడు నిలువు దబ్బలు, అంటే అల్లికకు ఆధారంగా నిలబెట్టే వెదురు బద్దలు, బేసి సంఖ్యలో ఉండాలి, అప్పుడే ప్రతి చుట్టులో అల్లిక పైకీ కిందికీ మారుతూ బిగుస్తుంది. గింజల బరువు ఎక్కువగా తోసేది కింది మూడో వంతును. అక్కడ అల్లిక దగ్గరగా ఉండాలి, బయట రెండు గట్టి చుట్లు కట్టించుకోవాలి. పగిలిన గుమ్మిని చూస్తే దాదాపు ప్రతిసారీ చిరిగింది అక్కడే. మూతి అంచుకు లోపలా బయటా దబ్బ పెట్టి కలిపి కట్టారో లేదో చూడండి.

పాత గుమ్మి కొనేవాళ్లకు ఒక్క హెచ్చరిక చేసి తీరాలి. వెనకటి రోజుల్లో చాలామంది గింజల్లో గమాక్సిన్ అనే పురుగుమందు, అంటే బీహెచ్‌సీ పొడి కలిపేవారు. 1997లో దాన్ని నిషేధించారు. ఆ మందు పూతమట్టిలోకీ వెదురులోకీ ఇంకిపోతుంది, కడిగితే పోదు. పాత యజమానిని అడగండి. ముక్కిన మందు వాసన వస్తే, లేదా జవాబు సరిగా రాకపోతే అందులో తిండిగింజలు పోయొద్దు. పూత కింద ఏముందో కూడా చూడాలి. అడుగున అరచేయంత మేర మట్టి తీసి చూడండి, కుళ్లు మొదలయ్యేది అక్కడే. రాత్రి కింద నల్లగుడ్డ పరిచి, పొద్దున పసుపుపచ్చ పొడి రాలి ఉంటే పురుగు ఇంకా తింటోంది. పాత చిల్లులున్నా పొడి రాలకపోతే భయం లేదు.

కొత్త గుమ్మిని అల్లగానే పూయకూడదు. తడి బద్దలు ఎండి కుంచించుకుంటే పూత విడిపోతుంది. పదిహేను రోజులు నీడలో ఆరనివ్వండి. మూడు తట్టల పుట్టమన్ను, ఒక తట్ట ఆవుపేడ, రెండు మూడు గుప్పిళ్ల తరిగిన వరిగడ్డి కలిపి, మూడు రోజులు నానబెట్టి తొక్కండి. మొదట పల్చని పేడనీళ్లు సందుల్లోకి దిగేలా లోపల పూసి ఆరాక, మట్టిని లోపలా బయటా అరంగుళం మందాన వేయాలి. అంగుళం దాటితే నెర్రెలు వస్తాయి. వచ్చిన నెర్రెల్ని పేడతో నింపి మళ్లీ అలకండి. బొటనవేలితో నొక్కినా చల్లగా తగలనంత వరకు ఎండాలి.

గాదె కింద పందికొక్కుల మాట ఊరికే పుట్టలేదు. గోడకు రెండడుగుల దూరంలో, అడుగున్నర ఎత్తు బండల మీద గుమ్మిని పెట్టండి. గోడకు ఆనిస్తే ఎలుకకు దారి, గోడ చెమ్మ కూడా గింజకు వస్తుంది.

పోసే వడ్లలో తేమ 12–13 శాతం మించకూడదు. పంటికింద గింజ టక్కున విరగాలి, నలిగితే ఇంకా ఎండబెట్టాలి. ఎండిన వడ్లు వేడిగా ఉండగా పోయకండి, ఆ వేడికి పైభాగంలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. సాయంత్రం చల్లారాక పోయాలి. నీడలో ఆరిన వేపాకు, వావిలాకు అడుగున, నడుమ పొరలుగా వేస్తారు. అవి పురుగును ఆపడానికి కొంత సాయపడతాయి. కానీ తడి వడ్లను ఏ ఆకూ కాపాడదు.

పురుగును చంపే విషవాయువు వదిలే సెల్‌ఫాస్ బిళ్లలు మాత్రం గుమ్మిలో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకండి. అల్లిన బుట్ట గాలిని ఆపదు. ఆ విషవాయువు ఇంట్లోకి వస్తే నిద్రలోనే మనుషుల ప్రాణాలు తీస్తుంది.

నెలకోసారి భుజం దాకా చెయ్యి గింజల్లోకి దించి చూడండి. వెచ్చగా తగిలితే లోపల ముక్క పురుగో నుసి పురుగో పెరుగుతోంది, లేదా చెమ్మ చేరింది. వడ్ల చిలక పైనే ఎగురుతూ కనబడుతుంది. రెండింటికీ చేసేది ఒకటే: గింజలు దించడానికి అడుగున ఉంచిన కన్నానికి కుక్కిన గుడ్డ తీసి మొత్తం దించి, ఎండబోసి, జల్లించి, చల్లారాక మళ్లీ పోయాలి. గుమ్మి ఖాళీ అయిన ఆ రోజే లోపల పేడతో అలికి పెట్టుకోండి.