వరండాలో ఒక్క బల్ల ఇప్పించండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. అందరికీ కలిపి ఒకటే దండం.

గ్రంథాలయ వారోత్సవాలు కదా, ‘పుస్తకం, ఆనందం’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఆ గోడ మీది బోర్డు చూడండి. ‘నిశ్శబ్దము పాటించవలెను’. నా గొడవంతా దానితోనే.

చిన్నప్పుడు మా పక్కింటి అత్తయ్యకు చదువు రాదు గానీ వారపత్రికల్లో సీరియళ్లంటే ప్రాణం. మధ్యాహ్నం వసారాలో చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది. నేను చదివి వినిపించాలి. వీధిలో ఆడవాళ్లు మరో నలుగురు చేరేవాళ్లు. కథలో కోడలు అలిగి పుట్టింటికి వెళ్లిపోయిందనుకోండి, “ఆగరా అబ్బాయ్, ఆ ముక్క మళ్లీ చదువు” అనేది. చదివేవాణ్ణి. ఇక వాదన మొదలు. వెళ్లడం రైటని ఒకరు, తప్పని ఒకరు. ఎప్పుడూ నోరు విప్పని ఒకావిడ ఆరోజు ఉన్నట్టుండి, “నేనూ ఓసారి బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చాను” అంది. ఎవరూ ఏమీ అడగలేదు. అత్తయ్య మాత్రం చేట ఆవిడ వైపు జరిపి, “ఇవీ కాస్త చూడు, మాట్లాడుకుందాం” అంది.

ఆ మాట కడుపులో పెట్టుకుని ఆవిడ ఎన్నేళ్లు తిరిగిందో! ఎవరో రాసిన కథ ఒకటి అడ్డం పెట్టుకుంటే గానీ బయటికి రాలేదు. మళ్లీ సంచిక వచ్చేదాకా వారమంతా బావి దగ్గర అదే చర్చ. ఇప్పుడు అన్ని ఎపిసోడ్లూ ఒక్క రాత్రిలో చూసేసి పడుకుంటున్నాం. ఆలోచించుకునే వ్యవధి ఏదండీ? చెప్పుకోవడానికి మనిషేడీ?

గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ ప్రయాణం, చేతిలో పుస్తకం, పక్కన మనిషి. అక్కడెవరైనా నోరు మూసుకుని కూర్చుని ఉంటారా? మీరే చెప్పండి.

ఏమడిగినా నిధుల్లేవంటారు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకే పోవాలి. మన దగ్గర వసూలు చేయడంలో ఆలస్యం ఉండదు, గ్రంథాలయ సంస్థకు జమ చేసేటప్పుడే ఏళ్ల తరబడి బకాయిలు. ఈ పన్ను కోసం మనవాళ్లు ఎంత... సరే, అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. అది ఇంకో సభలో.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నిశ్శబ్దం కావాలి, కాదనను. వాళ్ల టెన్షన్ వాళ్లది. లోపలి హాలు వాళ్లకే ఉంచండి. బోర్డూ ఉంచండి. వరండాలో మాత్రం ఒక్క బల్ల ఇప్పించండి. శనివారం సాయంత్రం ఒకరు చదువుతారు, మిగతావాళ్లం వింటాం, పోట్లాడుకుంటాం. వెనక నిలబడ్డ అమ్మా, మీరూ రండి. చదువు రాకపోతే ఏం? వినడానికి చెవులు చాలు. పప్పో చింతపండో తెచ్చుకోండి, చేతులు ఊరికే ఉండవు.

లైబ్రేరియన్ గారూ, పాత సామాన్ల గదిలో ఓ పొడుగు బల్ల ఉంది, నేను చూశాను. ఒక కాలు ఊగుతోంది, వడ్రంగి ఖర్చు నాది. మోకాళ్ల నొప్పులతో నేను మోయలేను గానీ, కుర్రాళ్లెవరైనా సభ అవగానే ఓ చెయ్యి వేస్తే ఇవాళే బయటికి తెచ్చేద్దాం.