కాలిన చెయ్యి: ముందు 20 నిమిషాల నీళ్లు

[దృశ్యం: వంటగది. వారుస్తున్న అన్నం గిన్నె, ఎర్రబడిన మణికట్టు.]

మూత జారి గంజి చేతిమీద పడింది. గంజి నీళ్లలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని కాలుస్తూనే ఉంటుంది. వెంటనే చెయ్యి కొళాయి కింద పెట్టండి. గాజులూ ఉంగరాలూ అప్పుడే తీసేయండి, వాచాక అవి రావు. గడియారం చూసుకుని 20 నిమిషాలు. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని ఎవరన్నా ఆపకండి. బొబ్బలెక్కేది వేడికి. కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే.

విశాఖలో ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. అప్పుడు బిందెలో పట్టి ఉంచిన నీళ్లు మగ్గుతో పోయండి. ఐసు మాత్రం వద్దు. రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతుకి దిగుతుంది. పసుపు, టూత్‌పేస్టు, ఇంకు రాస్తే, డాక్టరు గాయం చూడాలంటే ముందు వాటిని కడిగి తీయాలి. పాపం, ఆ నొప్పి కూడా మీకే.

[దృశ్యం: చర్మం పొరల బొమ్మ.]

ఎర్రగా, పొడిగా, బొబ్బ లేకుండా ఉంటే పైపొరే కాలింది. వారంలో మానుతుంది. బొబ్బ కింద గులాబీ రంగులో చెమ్మగా ఉంటే, డాక్టరు గ్లవ్సు వేలితో నొక్కి వదులుతారు. తెల్లబడి మళ్లీ ఎర్రబడిందా, రక్తం ఆడుతోంది, సుమారు 2 వారాలు పడుతుంది. రంగు మారకపోతే లోతైనది, 3 వారాలు దాటుతుంది, మచ్చ పడుతుంది. తోలులా బిగుసుకుని, తెల్లగానో నల్లగానో మారి, ముట్టుకున్నా తెలియకపోతే చర్మం మందమంతా పోయినట్టే. నొప్పి లేదని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేది సరిగ్గా ఇక్కడే. నొప్పి తెలిపే నరాలే కాలిపోయాయి! సాధారణంగా తొడ నుంచి చర్మం తీసి అతకాల్సి వస్తుంది.

[దృశ్యం: చాచిన అరచెయ్యి.]

ఒంట్లో ఎంత మేర కాలిందో రోగి అరచేతితోనే కొలవచ్చు. వేళ్లతో సహా ఆ అరచెయ్యి ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. ఒట్టి ఎరుపు లెక్కలోకి రాదు. పెద్దవాళ్లకి ఒక చెయ్యి మొత్తం 9, ఒక కాలు 18. ఏడాది పిల్లలకి తల ఒక్కటే 18 దాకా ఉంటుంది. ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, కరెంటు షాకైనా, యాసిడ్ పడినా శాతం చూడకండి, 108కి ఫోన్ చేయండి.

పెద్దలకి 20, పిల్లలకి 10 శాతం దాటితే సెలైన్ తప్పదు. లెక్క, కిలో బరువుకి, కాలిన ఒక్కో శాతానికి 4 మి.లీ. 60 కిలోల మనిషికి 20 శాతం కాలితే 4 × 60 × 20, అంటే మొదటి 24 గంటల్లో 4,800 మి.లీ. రింగర్ లాక్టేట్ అనే సెలైన్. అందులో సగం మొదటి 8 గంటల్లో. ఆ 8 గంటలు కాలిన క్షణం నుంచి. మూడింటికి కాలి ఐదింటికి కేజీహెచ్‌కి (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి) చేరితే, 2,400 మి.లీ. ఎక్కించడానికి మిగిలింది 6 గంటలే. క్యాజువాలిటీలో కాలిన టైము చెప్పండి.