మోరి మీద పలక ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ వీధుల్లో నడిచేవారికి ఇది తెలిసిన దృశ్యమే. మోరి మీద పలక లేని చోట పక్క కొట్టాయన ఒక తుమ్మకొమ్మ గుచ్చి, చివర ఎర్రగుడ్డ కడతాడు. గట్టి వాన పడితే మొదట కొట్టుకుపోయేది ఆ కొమ్మే. ఇక రోడ్డేదో మోరి ఏదో తెలియదు, అంతా ఒకటే బురదనీరు.

2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసం బయల్దేరిన ఓ బాలిక నాలాలో పడి చనిపోయింది. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద వెళ్లిన మరో పాప గతీ అంతే. 2023 జులై వానలకు మన వరంగల్ హంటర్ రోడ్డు కూడా మునిగింది.

పలకలు తమంతట తాము లేచిపోవు. పూడిక తీయడానికి ఒకరు ఎత్తుతారు, పైపు వేయడానికి ఇంకొకరు. మూసే పని మాత్రం ఎవరిదీ కాదు. అందుకే నగరపాలక సంస్థ తన ఉపనియమాల్లో ఒక్క వాక్యం చేర్చాలి: పలక ఎత్తినవారే పొద్దుగూకేలోగా మూయాలి. మూసినట్టు ఫొటో చూపేదాకా గుత్తేదారు బిల్లు కదలకూడదు. జరిమానా కన్నా ఆగిన బిల్లే బాగా పనిచేస్తుందని నా నమ్మకం.

మోరి మీద పలకకు బదులు పెట్టే ఇనుప జాలీల సంగతి కొంచెం చిక్కు. కమ్మీలు దూరంగా ఉంటే పిల్లల కాలు దిగుతుంది. దగ్గరగా ఉంటే ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడి నీళ్లు రోడ్డెక్కుతాయి. కాబట్టి సన్నజాలీ పెట్టమని రాసే నియమంలోనే, దాన్ని ఎన్ని రోజులకోసారి శుభ్రం చేయాలో కూడా రాయాలి. కమ్మీలు రోడ్డుకు అడ్డంగా ఉండాలి. రోడ్డు వెంట నిలువుగా ఉంటే సైకిల్ చక్రం ఇరుక్కుంటుంది. నాలా కల్వర్టు కిందికి దూరే చోట కమ్మీలు నిటారుగా కాక ఏటవాలుగా ఉండాలి. నిటారు కమ్మీలకు మనిషి తగిలితే ప్రవాహం అక్కడే అదిమిపెడుతుంది. ఏటవాలుగా ఉంటే పైకి పాకే వీలుంటుంది.

2019 తెలంగాణ మునిసిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ పౌరుల కమిటీలు ఉండాలి. మృగశిర కార్తెకు ముందే ఆ సభ్యులు తమ వార్డులో బడి దారులన్నీ నడిచి, పలకలు లేని మోరీలను లెక్కపెట్టాలి. బడులు తెరిచేదీ ఆ రోజుల్లోనే. తుమ్మకొమ్మ కనిపించిన ప్రతిచోటా ఒక పలక లోటని రాసుకుంటే చాలు.