పెద్దాయన పేరు మీద గ్రౌండు అడుగుతున్నాను

సభకు నమస్కారం. సర్పంచ్ గారికి, హెడ్మాస్టరు గారికి, మా పెదనాన్నలకి, అత్తలకి, నాగావళి అవతలి ఊళ్ల నుంచి ఎండనపడి వచ్చిన తాతయ్య స్నేహితుల పిల్లలకి, అందరికీ. తాతయ్య 96 ఏళ్లు బతికారు. ఆయన వ్యవసాయం గురించి, తీర్చిన తగవుల గురించి పెదనాన్న చెప్పారు. నేను పీఈటీని. నాకు తెలిసింది ఆయన ఆటల పిచ్చి.

ఆటంటే చాలు, ఏ ఆటైనా సరే. సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తే పోటీ ఆయన లేకుండా మొదలయ్యేది కాదు. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న సంగతి చెప్పకుండా మాకు అన్నం పెట్టేవారు కాదు. 1975లో కౌలాలంపూర్‌లో మనవాళ్లు పాకిస్థాన్‌ని 2-1తో ఓడించి హాకీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు రేడియో చుట్టూ వీధంతా చేరిందట. ఆయనకి హిందీ రాదు. కామెంటరీ చెప్పేవాడి గొంతు పెరగ్గానే "అశోక్ కుమార్ కొట్టాడ్రా" అని లేచి నిలబడ్డారట.

అసలు చెప్పాల్సింది 2000 సంవత్సరం గురించి. సెప్టెంబరు 19. సిడ్నీలో మన ఆమదాలవలస పక్కనున్న వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి కంచు పతకం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో పెట్టిందే ఆ ఏడు. ఒకే ఊపులో తల పైకెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాల దాకా లేపి తర్వాత తల పైకెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు. 130 అంటే ఎంతో మా అరుగు మీద కూర్చున్నవాళ్లకి అందలేదు. తాతయ్య 80 కేజీల ధాన్యం బస్తా చూపించి, "దీన్ని ఇద్దరు పట్టి మూడోవాడి వీపు మీద పెడతారు. ఆ పిల్ల దీని మీద ఇంకో యాభై కేజీలు కలుపుకుని, ఒక్కతే తల పైకెత్తి నిలబడింది" అన్నారు.

మర్నాడు టీ కొట్టు దగ్గర ఎవరో "ఆశకు పోయి బంగారం పోగొట్టుకుంది" అన్నారు. చివరిసారి 137.5కి వెళ్లి ఎత్తలేకపోయింది కదా, దాని గురించి. మొత్తం బరువులో బంగారానికీ ఆమెకీ తేడా రెండున్నర కేజీలే. తాతయ్యకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. "బంగారానికే వెళ్లింది. కంచు చాల్లే అనుకుని దిగిపోతే మెచ్చుకుందువా?" అన్నారు. ఈ మాట ఆయన చనిపోయే ముందు వారం కూడా అన్నారు. నర్సమ్మత్త సాక్షి.

ఆ సాయంత్రమే నన్ను గ్రౌండుకి పంపమన్నారు. నేనప్పుడు ఏడో తరగతి. "ఆడగుంట అక్కడ ఎగిరితే రేపు సంబంధాలెలా వస్తాయి" అని మామ్మ గొణిగింది. ఆయన బదులివ్వలేదు. గొడ్ల పలుపుతాడు తీసుకుని, మీటరుకొక ముడి వేసి, బడి వెనక వాలీబాల్ కోర్టు కొలిచారు. మూలల్లో మేకులు దిగ్గొట్టి, తాడు బిగలాగి, దాని వెంట చేత్తో సున్నం పోసుకుంటూ వెళ్లారు. అప్పటికే డెబ్భై దాటిన మనిషి. ఈ ఊళ్లో చాలామంది ఆ గీతల మధ్యే ఆడారు. ఆడినవాళ్లు చేతులెత్తండి. చూడండి సర్పంచ్ గారూ, ఎన్ని చేతులో!

అన్నయ్యా, మైకు ఇంకాసేపు ఉండనివ్వు.

కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. అంటే 24 బై 15 కావాలి. మొదట నీళ్ల ట్యాంకు కట్టారు. నీళ్లు కావాలి కాబట్టి ఎవరూ కాదనలేదు. తర్వాత సామాన్ల గది కట్టారు. తర్వాత రోడ్డు పని కంకర పోశారు. పనైపోయినా కంకర కదల్లేదు. మొన్న టేపు పట్టి కొలిచాను. పడమటి గీతకీ గది గోడకీ మధ్య మీటరు కూడా లేదు. బంతి కోసం పరిగెత్తిన ఎనిమిదో తరగతి పిల్ల ఆ గోడకి కొట్టుకుని కనుబొమ దగ్గర కుట్లు వేయించుకుంది. ఇప్పుడు రోడ్డు వైపు షాపులు కడతారంటున్నారు. కడితే ఇక కోర్టు లేదు, చెడుగుడు బరి లేదు. ఏ పిల్ల ఎక్కడ ఆడుతుందండీ?

తాతయ్యకి విగ్రహం పెడదామని మా ఇంట్లో అనుకుంటున్నారు. పెదనాన్నా, అందరి ముందూ అడుగుతున్నాను, విగ్రహం వద్దు. ఆ డబ్బుతో ఆ గది ఇంకోచోట కట్టించి ఇద్దాం. కంకర మన ట్రాక్టర్‌తోనే తీయించేద్దాం. షాపులు కట్టబోమని వచ్చే గ్రామసభలో తీర్మానం చేయమని దరఖాస్తు రాసి తెచ్చాను. భోజనాలకి లేచే ముందు అందరూ సంతకం పెట్టండి. సర్పంచ్ గారూ, సంతకాలయ్యాక మీరు దీన్ని చేతికి తీసుకునేదాకా నేను ఈ వేదిక దిగను.