శ్లాబు పోసే రోజున ఉరుము

శ్రోతలకు నమస్కారం.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ప్రాంతంలో పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడతాయి. పొద్దున్నుంచి కాగిన నేల మీది గాలి పైకి లేచి, తేమతో కలిసి, సాయంత్రానికి నల్లటి క్యుములోనింబస్ మేఘమై నిలబడుతుంది. శ్లాబు పని కూడా సరిగ్గా ఆ వేళకే చివరికి వస్తుంది. పావు వంతు కాంక్రీటు మిగిలి ఉంటుంది, కింద కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతుంటుంది, పైన ఇనుప చువ్వల మధ్య కూలీలు ఉంటారు. ఉరుము వినిపించినా "ఈ కాస్తా కానిచ్చేద్దాం" అనిపిస్తుంది.

అలా అనిపించడానికి కారణం మూర్ఖత్వం కాదు. మధ్యలో ఆపితే శ్లాబు పాడవుతుందన్న భయం. అందుకే ఎక్కడ ఆపాలో పొద్దున్నే తేల్చుకోవాలి. మామూలుగా దూలాల మధ్య దూరంలో నడిమి మూడో వంతులో, నిలువుగా అడ్డు పలక పెట్టి ఆపవచ్చు. ఆ చోటు ఇంజినీరు గుర్తు పెట్టి ఉంచాలి. పని మళ్లీ మొదలయ్యేసరికి కాంక్రీటు గట్టిపడితే, పైన తేలిన పాలపొరను తీగల బ్రష్‌తో గీకి, కడిగి, సిమెంటు పాలు పూసి కొత్తది పోయాలి. ఇంకో మాట. వాన మొదలయ్యాక బరకాలు కప్పడానికి నలుగురు మళ్లీ పైకి పరుగెడతారు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పని అదే. బరకాలు పొద్దున్నే పైకి చేర్చాలి, మేఘం కనబడగానే పరచాలి, ఉరుము వినబడ్డాక వాటి జోలికి పోకూడదు.

మెరుపు కనబడ్డాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు. 30 లెక్కపెట్టేలోపు ఉరుము వినబడితే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. నేల మీది పని ఆగిపోవాలి. పదిహేనో అంతస్తులో ఉన్నవాళ్లకు ఈ లెక్క చాలదు. మేఘం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ 10 కిలోమీటర్లకు పావుగంట పడుతుంది. సామాను అడ్డంపడ్డ మెట్ల మీదుగా అందరూ దిగడానికే అందులో చాలా భాగం పోతుంది. పైగా వాన ఇంకా రాకముందే, మేఘానికి చాలా దూరంలో కూడా పిడుగు పడగలదు. కాబట్టి ఎత్తైన సైటులో తొలి ఉరుముకే దిగడం మొదలుపెట్టాలి.

టవర్ క్రేన్ ఆపరేటరుకు అంతకన్నా ముందే చెప్పాలి. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన దామిని యాప్ మనమున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో మెరుపులను చూపిస్తుంది. 40 వలయంలో మెరుపు కనబడగానే క్రేన్‌కు వేలాడే బరువును కిందికి దించి, గాలివాటానికి క్రేన్ చెయ్యి స్వేచ్ఛగా తిరిగేలా వదిలి, ఆపరేటరు దిగిపోవాలి. 20 వలయంలోకి వస్తే పై అంతస్తులన్నీ ఖాళీ కావాలి. ఆపరేటరు ఆలస్యమై పైనే చిక్కుకుంటే, ఇనుప నిచ్చెన మీద దిగేకన్నా క్యాబిన్ తలుపు మూసుకుని, మీటలు ముట్టుకోకుండా కూర్చోవడమే మేలు.

దిగి ఎక్కడికి వెళ్లాలి? చాలామంది కింది శ్లాబు చాలనుకుంటారు. నాలుగు వైపులా తెరిచి ఉన్న చోటు రక్షణ కాదు. పైకి లేచి ఉన్న పిల్లరు చువ్వల మీద పిడుగు పడితే కరెంటు ఆ చువ్వల వెంట దిగుతూ, పిల్లరుకు ఆనుకున్న మనిషి మీదికి దూకుతుంది. పైన చువ్వలన్నీ బైండింగు తీగతో ఒకటై ఉంటాయి కనుక ఒక మూల పడ్డా వల మొత్తం పాకుతుంది. రబ్బరు బూట్లు కాపాడవు. కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చినదానికి అర అంగుళం రబ్బరు ఒక లెక్కా? చెట్టు కింద, తెరిచిన రేకుల షెడ్డులో, ట్రాక్టరు మీద ఉండొద్దు. వైరింగు, పైపులు పూర్తయిన భవనం మంచిది. అది లేకుంటే అద్దాలు బిగించిన కారు, లారీ క్యాబిన్, బస్సు. వాటిలో కాపాడేది టైర్లు కాదు, చుట్టూ ఉన్న లోహపు గుల్ల. మనుషులు ఎందరో లెక్కేసి, అంతమందికీ చోటు ముందే చూసిపెట్టాలి. అరవై మంది ఉన్న సైటులో ఒక్క కారు ఏ మూలకి?

పనిలోకి తిరిగి రావడం ఆఖరి ఉరుము వినబడ్డ 30 నిమిషాల తర్వాతే. మధ్యలో ఇంకో ఉరుము వినిపిస్తే లెక్క మళ్లీ మొదటికి. పని ఆపే అధికారం శ్లాబు గుత్త తీసుకున్నవాడి చేతిలో ఉండకూడదు. సైరను ఒకే మనిషి దగ్గర ఉండాలి, ఆయన మాటకు ఎదురు చెప్పే వీలుండకూడదు. ఒడిశా, బిహారు నుంచి వచ్చిన కూలీలకు సైరను అర్థం ముందే వాళ్ల భాషలో చెప్పాలి.

ఎర్తింగు సంగతి కొద్దిగా. మెరుపు రక్షణ ప్రమాణం ఐఎస్/ఐఈసీ 62305. భవనం పూర్తయ్యాక చూద్దాంలే అనుకోకుండా, అంతస్తు లేచేకొద్దీ డౌన్ కండక్టరును, అంటే పిడుగు కరెంటును నేలలోకి దించే లోహపు పట్టీని, పైకి తీసుకెళ్లాలి. పైపుల పరంజా, లిఫ్టు స్తంభం, క్రేన్ పాదం అన్నీ ఎర్తుకు కలిపి, నిరోధం 10 ఓమ్‌లు దాటకుండా చూడాలి. ఇది కట్టడాన్ని కాపాడుతుంది. దాని పక్కన నిలబడ్డవాణ్ని కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. హైదరాబాదులో సెల్లారు కోసం బండ పేల్చే చోట ఇంకా జాగ్రత్త కావాలి. మేఘం పట్టిందంటే మందు నింపొద్దు. అప్పటికే నింపి ఉంటే, పేల్చేటప్పుడు ఎంత దూరం జరుగుతారో అంత దూరం అందరూ జరగాలి.

పిడుగు తగిలినవారి ఒంట్లో కరెంటు మిగలదు, వెంటనే ముట్టుకోవచ్చు. 108కి ఫోన్ చేయించండి. నలుగురు పడిపోతే మూలిగేవారి దగ్గర కన్నా ముందు, కదలకుండా పడి ఉన్నవారి దగ్గరికి వెళ్లండి. మూలిగేవారికి ఊపిరి ఆడుతున్నట్టే. ఊపిరి ఆడనివారికి ఛాతీ మధ్యలో 5 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నోటి ద్వారా ఊపిరి ఊదడం వచ్చినవాళ్లు ప్రతి 30 నొక్కులకు 2 సార్లు ఊదాలి. గుండె తిరిగి కొట్టుకున్నా ఊపిరి చాలాసేపు తిరిగి రాకపోవచ్చు, అందుకే ఊపిరి అందించడం ఆపొద్దు. లేచి కూర్చున్నవారిని కూడా ఇంటికి పంపకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించి, చెవి కర్ణభేరులు చూపించండి.